డబ్బా కనబడలేదంటే వెంటనే కొత్తది పెట్టకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్ల కిందట మీరూ మీ అబ్బాయీ కలిసి అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఏడు లెటర్‌బాక్సులు (వెతికి పట్టుకునే ఆట కోసం అడవి దారుల్లో దాచే డబ్బాలు) పెట్టారు. ఇప్పుడు రెండు దొరకడం లేదని వెతికినవాళ్లు రాస్తున్నారు. ఒకదాంట్లో నీళ్లు చేరాయి. ఇంకోదాంట్లో రబ్బరు స్టాంపు డబ్బాకి అతుక్కుపోయింది. అందుకని ఏడు కొత్త డబ్బాలు కొనేసి, వచ్చే శనివారం ఒక్క రోజులో అన్నీ మార్చేద్దామనుకుంటున్నారు. దారిలో వేరే ఎవరిదో పెట్టె పగిలిపోయి కనబడిందని, దాన్నేం చేయాలనీ అడిగారు.

శనివారం ప్లాను ఆపండి. వెళ్లొద్దని కాదు, కొత్త డబ్బాలు లేకుండా వెళ్లమని. పాత డబ్బాకి ఏమైందో తెలియకుండా అదే చోట కొత్తది పెడితే దానికీ అదే గతి పడుతుంది. నేను 2009 నుంచి ఇదే రాష్ట్రంలో ఈ పిచ్చిలో ఉన్నాను. ఇప్పటిదాకా 31 పెట్టాను, బతికున్నవి 14. పోయినవాటిలో సగం నా తొందరపాటు వల్లే పోయాయి. కాబట్టి ఇది తెలివితో చెబుతున్నది కాదు, పోగొట్టుకుని చెబుతున్నది.

ఈ ఆట తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. అడవి దారిలో ఎక్కడో రాతి సందులో నీళ్లు చొరని చిన్న డబ్బా ఉంటుంది. అందులో చేత్తో చెక్కిన రబ్బరు స్టాంపు, ఒక చిన్న పుస్తకం (లాగ్‌బుక్కు). పెట్టినవాళ్లు రాసిన క్లూ చదువుకుని వెతికి పట్టుకున్నవాళ్లు డబ్బాలోని ముద్ర తమ పుస్తకంలో వేసుకుని, తమ సొంత ముద్ర డబ్బాలోని పుస్తకంలో వేసి, ఉన్నచోటే పెట్టి వెళ్తారు. ఇది ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో పుట్టింది. చాగ్‌ఫర్డ్ ఊరికి చెందిన జేమ్స్ పెరట్ అనే గైడు 1854లో క్రాన్మియర్ పూల్ దగ్గర ఒక గాజు సీసా ఉంచాడు, అంత దూరం బురదలో నడిచి వచ్చినవాళ్లు తమ కార్డులు అందులో వేయడానికి. అమెరికాలో 1998 ఏప్రిల్‌లో స్మిత్‌సోనియన్ పత్రికలో వచ్చిన వ్యాసంతో ఇక్కడివాళ్లకి అంటుకుంది. పెరట్ పెట్టిన ఆ సీసా పోయి రేకు డబ్బా వచ్చింది, తర్వాత రాతితో కట్టిన పెట్టె వచ్చింది. మొట్టమొదటి దానికే మార్పులు తప్పలేదు, మన ప్లాస్టిక్ డబ్బా ఏపాటిది!

ముందు ఆ దొరకని రెండింటి సంగతి.

"దొరకలేదు" అని ఎవరు రాశారో చూడండి. మొదటిసారి వచ్చి, పిల్లాడు ఆకలని ఏడుస్తుంటే పావుగంట వెతికి వెళ్లిపోయినవాళ్ల మాట వేరు. మూడొందల పెట్టెలు తీసినవాళ్ల మాట వేరు. అలవాటున్నవాళ్లు ఇద్దరు, వేర్వేరు రోజుల్లో, లేదని రాస్తే నేను బయల్దేరతాను. అంతవరకు కదలను.

వెళ్లాక గుర్తుంచుకోవాల్సింది, డబ్బాలు నడుస్తాయి. నిజంగానే. తీసినవాళ్లు తిరిగి పెట్టేటప్పుడు జానెడు పక్కకి పెడతారు, తర్వాత వచ్చినవాళ్లు ఇంకో జానెడు. రెండేళ్లకి పక్క రాయి కిందకి చేరుతుంది. వాలు నేలైతే మంచు కరిగే రోజుల్లో కిందకి జారుతుంది కూడా. అందుకే ముందు దిగువ వైపు వెతకండి, ఆకులు చేత్తో కాకుండా కర్రతో కదపండి. చుట్టూ ముప్పై అడుగులు చూశాకే పోయిందని ఒప్పుకోండి. నేను 2014లో ఒకదాన్ని పోయిందనుకుని, రెండు రాత్రులు కూర్చుని స్టాంపు మళ్లీ చెక్కి, కొత్త డబ్బా పెట్టి వచ్చాను. మరుసటి ఏప్రిల్‌లో ఒకావిడ మెయిల్ పెట్టింది: "క్లూలో ఒకటే అన్నారు, మాకు రెండు దొరికాయి." పాతది ఇరవై అడుగుల దిగువన, ఆకుల దిబ్బ కింద, లోపల ఒక్క చుక్క నీరు లేకుండా ఉంది. అప్పటి నుంచి ఏ పెట్టె పెట్టినా మూడు ఫోటోలు తీసి ఉంచుకుంటున్నాను: దూరం నుంచి ఒకటి, రాయి కనబడేలా ఒకటి, సందులో డబ్బా ఎటు తిరిగి ఉందో ఒకటి. మీ దగ్గర అలాంటి ఫోటోలు లేకపోతే ఈసారి తీయండి.

డబ్బా ఉంది కానీ మీ క్లూయే తప్పిందేమో అని కూడా చూడాలి. రెండేళ్లలో క్లూ ఎలా తప్పుతుందంటారా? చెట్లు. 2016, 2017, 2018 ప్రాంతాల్లో ఇక్కడ తూర్పు వైపున స్పంజీ మాత్ గొంగళిపురుగులు (అప్పట్లో జిప్సీ మాత్ అనేవాళ్లం) ఓక్ చెట్ల ఆకులన్నీ ఏటేటా తినేశాయి. పెద్ద పెద్ద ఓక్‌లు నిలువునా ఎండిపోయాయి, దారి పక్కనున్నవి మీద పడతాయని కొట్టేశారు. "జంట ఓక్‌ల మధ్య నిలబడి" అని మొదలయ్యే నా క్లూలు మూడు ఆ దెబ్బకి పనికిరాకుండా పోయాయి. పెట్టె పెట్టినచోటే ఉంది, జంట ఓక్‌లే లేవు. యాష్ చెట్లకి ఇంకో పురుగు, హెమ్లాక్‌లకి మరోటి. కాబట్టి క్లూలో చెట్టుని చివరి గుర్తుగా వాడకండి. బండరాయి, వాగు మలుపు, పాత రాతి గోడ మూల, ఇలాంటివి మనకంటే ఎక్కువ కాలం ఉంటాయి. అయితే గోడని గుర్తుగా వాడటం వేరు, గోడలో రాయి పీకి డబ్బా దూర్చడం వేరు. ఆ గోడలు పాతకాలం రైతులు పొలంలో రాళ్లు ఏరి కట్టినవి. ఒక్క రాయి కదిపితే వెతికేవాళ్లు పది కదుపుతారు. డార్ట్‌మూర్‌లో కూడా పాత రాతి కట్టడాల్లో పెట్టకూడదు, సిమెంటు వాడకూడదు, తవ్వకూడదు అనే కట్టుబాటు ఉంది. మనవాళ్లు "పెట్టె పాతాం" అంటుంటే అందుకే నాకు చిరాకు. మనం పాతేది ఏమీ లేదు, సందులో ఉంచి రాయి అడ్డం పెట్టడమే.

దిక్సూచి అంకెలు వాడారా? వాడితే ఇది కూడా చూసుకోండి. కనెటికట్‌లో దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు పడమరకి చూపిస్తుంది. మీరు మామూలు దిక్సూచితో కొలిచి రాశారు, వాళ్లు ఫోనులో "ట్రూ నార్త్" (అసలు ఉత్తరం) పెట్టుకుని వచ్చారు అనుకోండి. నూరు అడుగులు నడిచేసరికి మీ రాయికి ఇరవైమూడు అడుగుల దూరంలో నిలబడి, ఏమీ లేని పొద పీకి చూస్తుంటారు. "ఇవన్నీ దిక్సూచి ముల్లు ప్రకారం" అని క్లూ మొదట్లో ఒక్క వాక్యం చేర్చండి. నేను అది చేర్చాక "దొరకలేదు" మెయిళ్లు బాగా తగ్గాయి.

ఇంత చూశాక కూడా లేదంటే, సరే, పోయింది. అప్పుడు అక్కడే ఒక పది నిమిషాలు కూర్చోండి. దారిలో వెళ్లేవాళ్లకి మీరు కనబడుతున్నారా? పక్కన ఎవరో మంట వేసుకున్న గుర్తులు, బీరు డబ్బాలు ఉన్నాయా? వానకి నీళ్లు ఆ సందులోంచే పారుతున్నాయా? వీటిలో ఒక్కదానికి అవునని వచ్చినా కొత్త డబ్బా అక్కడ పెట్టకండి. చోటు మార్చండి, క్లూ మార్చండి. ఒకే చోట మూడుసార్లు పెట్టి మూడుసార్లూ పోగొట్టుకున్న మొండితనం నాకుంది, మీకు అక్కర్లేదు.

ఇక నీళ్లు చేరిన డబ్బా.

నాలుగు వైపులా క్లిప్పులు, మూత లోపల సిలికాన్ రబ్బరు రింగు ఉన్న డబ్బాలే వాడారని రాశారు. మంచివే. కానీ ఆ రింగు మీద జిప్‌లాక్ కవరు మూల గోరంత చిక్కుకున్నా చాలు, మూత పడినట్టే పడుతుంది, క్లిప్పులు టిక్కుమంటాయి, నీళ్లు మాత్రం ఆ మడత వెంట లోపలికి పాకుతాయి. నేను చూసిన తడి డబ్బాల్లో ఎక్కువ భాగం కారణం ఇదే. కవరు పెద్దదైపోవడం వల్ల వచ్చే తంటా. డబ్బా కంటే బాగా చిన్న కవరు వాడండి, మూత లోపల మార్కరుతో "కవరు అంచులు చూసి మూయండి" అని ఇంగ్లీషులో రాయండి. రింగు తీసి కడిగి, వేలితో తడిమి చూడండి. ఒక ఇసుక రేణువు దొరుకుతుంది.

రెండో కారణం వానలో తెరవడం. తడి చెయ్యి ఆవకాయ జాడీలో పెట్టినట్టే. పైనుంచి ఒక్క చుక్క కారకపోయినా లోపలికి వెళ్లిన తేమ ఇక బయటికి రాదు, వారంలో బూజు. దీనికి మనం చేయగలిగింది లేదు. సిలికా జెల్ పొట్లాలు వేయమని చాలామంది చెబుతారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. కొన్ని వారాల్లో అవి పీల్చగలిగినంత పీల్చేస్తాయి, ఆ తర్వాత అదొక తడి పొట్లం, అంతే.

మూడోది పగులు. మూత మడిచే చోట ప్లాస్టిక్ పల్చగా ఉంటుంది, మన చలికి అక్కడే విరుగుతుంది. ఇంటికి తెచ్చి, లోపల ఒక టిష్యూ కాగితం వేసి మూసి, బకెట్ నీళ్లలో ముంచి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి టిష్యూ పొడిగా ఉంటే డబ్బా మంచిదే, మళ్లీ వాడుకోవచ్చు. కొత్తగా కొన్నదానికైనా ఈ పరీక్ష చేయందే నేను అడవికి తీసుకెళ్లను.

ఇంట్లో వాడిన డబ్బా మాత్రం వద్దు. ఒకసారి ఖర్చు ఎందుకని, మాగాయ పెట్టుకున్న డబ్బా మూడుసార్లు సబ్బుతో కడిగి, ఎండలో పెట్టి, వాసన లేదని మా ఆయన చేత కూడా చూపించి పెట్టాను. మనకి రాని వాసన ఎలకలకి వస్తుంది. నెలన్నరకి వెళ్తే ఒక మూల అరచేయి పట్టేంత కన్నం, లోపల లాగ్‌బుక్కు పేలికలతో గూడు. స్టాంపు అంచు కూడా కొరికి చూశాయి, నచ్చలేదేమో వదిలేశాయి. ఆ స్టాంపు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

తడిసిన లాగ్‌బుక్కుని పారేయకండి. కొత్త పుస్తకం పది నిమిషాల్లో కుట్టుకోవచ్చు, అందులో పడిన ముద్రలు మళ్లీ రావు. ఇంటికి రాగానే తీరిక లేకపోతే కవరులో పెట్టి ఫ్రీజరులో పడేయండి, బూజు ముదరదు. తీరిక దొరికిన రోజు బయటికి తీసి, కరిగాక, నాలుగైదు పేజీలకి ఒక పేపర్ టవల్ దూర్చండి. అతుక్కున్న పేజీలని గోటితో లాగొద్దు, పల్చటి వెన్న కత్తి వెనక వైపు నెమ్మదిగా పోనివ్వండి. టవల్స్ తడిసినప్పుడల్లా మార్చండి. మొదటి రోజు గంటకోసారి మార్చాల్సి వస్తుంది. ఫ్యాను గాలి చాలు, హెయిర్ డ్రయ్యరు పెడితే కాగితం అప్పడంలా వంకర పోతుంది. కాస్త తేమ మిగిలుండగా పైన దోసె పెనం బరువు పెట్టి రెండు రోజులు వదిలేస్తే దాదాపు చదునుగా వస్తుంది. నేను 2011 నాటి పుస్తకం ఒకటి ఇలాగే బతికించాను. ముద్రల్లో కొన్ని నీలం మరకలైపోయాయి, కొన్ని నిన్న వేసినట్టు ఉన్నాయి. తేడా ఇంకుది. డై ఇంకు నీళ్లు తగిలితే పారిపోతుంది, పిగ్మెంట్ ఇంకు ఆరాక నిలుస్తుంది. డబ్బాలో ఇంకు ప్యాడ్ పెడుతుంటే పిగ్మెంట్‌దే పెట్టండి. అక్కడ కట్టే పెన్ను బదులు పెన్సిలు పెట్టండి, చలికి గడ్డకట్టదు, తడికి కారదు.

అతుక్కుపోయిన స్టాంపు గురించి చదవగానే మీరు దాన్ని తెల్ల ఎరేజరులో చెక్కి ఉంటారనుకున్నాను. చిన్నప్పుడు జామెట్రీ బాక్సులో ఎరేజరు స్కేలుకి అంటుకుపోయి, లాగితే స్కేలు మీద గుంట పడేది, గుర్తుందా? అదే ఇది. వినైల్ ఎరేజరుని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికి వచ్చి, తగిలిన ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. స్టాంపుని నేరుగా డబ్బా గోడకి తగలనివ్వకండి. మామూలు కాగితంలో చుట్టి, ఆపై చిన్న జిప్‌లాక్‌లో పెట్టండి. చెక్కడానికే అమ్మే గులాబీ రంగు రబ్బరు పలకలు వస్తాయి, ఈసారి అవి వాడి చూడండి. అతుక్కున్నదాన్ని లాగకుండా డబ్బాతో సహా ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి, అంచు నుంచి దారం పోనిచ్చి కోయండి. వెనక భాగం పాడైనా ఫర్వాలేదు, ముఖం బాగుంటే చెక్కముక్కకి అతికించుకోవచ్చు. బూజు పడితే గోరువెచ్చటి సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్, నీడలో ఆరబెట్టడం. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికి రానివ్వకండి.

ఈ మొత్తం వ్యవహారంలో పోతే బాధపడాల్సింది స్టాంపు ఒక్కటే. డబ్బా నాలుగు డాలర్లు. అందుకే ఏ స్టాంపునైనా అడవిలోకి పంపే ముందు మంచి కాగితం మీద పది ముద్రలు వేసి ఇంట్లో దాచుకోండి. పోయిన రోజున ఆ ముద్ర మీద పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిలుతో గీసి, గీసిన వైపు రబ్బరు మీదకి బోర్లించి వెనక నుంచి చెంచాతో రుద్దితే బొమ్మ దానంతట అదే తిరగబడి దిగుతుంది. చెక్కితే ముద్ర సరిగ్గా వస్తుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు ఇదంతా ఎందుకని నేరుగా రబ్బరు మీద "అ" రాసి చెక్కేశాను. అడవిలో పెట్టి, మొదటి ముద్ర వేసుకుంటే అద్దంలో అ! పాపం, అది దొరికినవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నాలుగేళ్లు ఎవరూ కనిపెట్టలేదు. చివరికి ఒకాయన, ఒంగోలు అట, "మేడమ్, మీ అ తిరగబడింది" అని లాగ్‌బుక్కులో రాసి వెళ్లాడు.

మళ్లీ చెక్కినప్పుడు పాతదా, కొత్తదా అని లెక్క వస్తుంది. బొమ్మ అదే అయితే పాత పెట్టె పేరుతోనే కొనసాగించండి, ఫలానా నెలలో మార్చామని రాయండి. బొమ్మ మారితే మాత్రం పాతదాన్ని రిటైర్ చేసి కొత్త పేరుతో కొత్తగా నమోదు చేయండి. పాతది తీసినవాళ్లు మళ్లీ రావడానికి అదొక కారణం అవుతుంది. మీరు వెతికి, మార్చేలోగా, క్లూలు నమోదు చేసే వెబ్‌సైటు అట్లాస్ క్వెస్ట్‌లో "ప్రస్తుతం లేదు" అని పెట్టేయండి. గంట డ్రైవ్ చేసి వచ్చి ఖాళీ సందు చూసుకునేవాళ్ల టెన్షన్ మీకు తెలియంది కాదు.

వేరేవాళ్ల పగిలిన పెట్టె. ఇంటికి తేకండి, అక్కడ మీ కొత్త డబ్బా పెట్టకండి. జీపీఎస్ పట్టుకుని దాచిన డబ్బాలు వెతికే జియోకాషింగ్‌లో డబ్బా పోతే ఇంకొకరు ఇంకో డబ్బా పెట్టేసి వెళ్లడం చూశాను, ఇక్కడ అది కుదరదు, వాళ్ల స్టాంపు మీరు చెక్కలేరు కదా. తుడవండి, పొడి కవరులో పెట్టండి, పగులుకి టేపు వేయండి, ఫోటో తీసి యజమానికి మెయిల్ పెట్టండి. నేను ఎప్పుడూ బ్యాగులో రెండు పొడి కవర్లు, ఒక గుడ్డ, టేపు, ఖాళీ చిన్న పుస్తకం వేసుకుని వెళ్తాను. డబ్బా పూర్తిగా ముక్కలై స్టాంపు వానలో పడి ఉంటే మాత్రం తీసి భద్రపరిచి, ఆ రోజే రాయండి. జవాబు రాకపోతే మీ దగ్గరే ఉంచండి. నా దగ్గర అలాంటివి రెండున్నాయి, ఒకదాని యజమాని ఆరేళ్ల తర్వాత జవాబిచ్చాడు.

అనుమతి మాట మీరు ఎత్తలేదు, కానీ ఏడింటిలో ఒకటి నేషనల్ పార్క్ సర్వీస్ స్థలంలో ఉన్నట్టు మీ వివరణ బట్టి అనిపిస్తోంది. అక్కడ 24 గంటలకి మించి వస్తువు వదిలేసి వెళ్లకూడదని నిబంధన. అది వెనక్కి తెచ్చేయండి. స్టేట్ ఫారెస్టులవాళ్లు ఈ ఆటకి అనుకూలమే, వాళ్లే సొంతంగా లెటర్‌బాక్సులు పెట్టి, ఐదు పట్టినవాళ్లకి బట్ట ప్యాచ్ ఇస్తారు. అయినా అడిగి పెట్టండి. డబ్బా మీద "లెటర్‌బాక్స్" అనీ, మీ మెయిలూ ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయండి. నల్ల టేపు చుట్టిన పైపు ముక్కల్లాంటివి అసలు వాడకండి, చూసినవాళ్లు బాంబనుకుని పోలీసులకి ఫోన్ చేస్తే తప్పు వాళ్లది కాదు. పొదలో వంగి ఏదో దాస్తున్న నన్ను చూసి ఆగినవాళ్లు కూడా ఉన్నారు. దాచకుండా డబ్బా తెరిచి, స్టాంపు చూపించి, వాళ్ల చేతి మీదే ముద్ర వేస్తాను. ఒకరిద్దరు ఆ తర్వాత ఈ ఆటలోకే వచ్చారు.

ఏడాదికి రెండుసార్లు తిరిగితే చాలు: మంచు కరిగాక మార్చి చివర్లో, ఆకులు రాలాక నవంబరులో. నవంబరులో వేటగాళ్లు ఉంటారు, నారింజ రంగు జాకెట్ వేసుకోండి. మే నుంచి జులై దాకా రాళ్ల సందుల్లో చేతులు పెట్టే పని పెట్టుకోకండి, టిక్ అనే రక్తం పీల్చే పురుగు కుడితే వచ్చే లైమ్ జబ్బుకి ఆ పేరే మన రాష్ట్రంలోని లైమ్ ఊరి మీద వచ్చింది. అప్పుడు తిరిగే పిల్ల టిక్‌లు గసగసాల గింజంత ఉంటాయి, పిల్లాడి చెవి వెనక ఉన్నా కనబడవు. ఏ నెలలో వెళ్లినా ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోండి.

కాబట్టి ఈ శనివారం దొరకని రెండింటి దగ్గరికే వెళ్లండి, ఖాళీ చేతులతో, ఒక కర్రా ఫోనూ పట్టుకుని. తడి డబ్బా, స్టాంపు అతుక్కున్నదీ వచ్చేవారం. మిగతా మూడూ బాగున్నాయని వెతికినవాళ్లు రాస్తుంటే వాటిని కదపకండి, పార్క్ సర్వీస్ స్థలంలోది వాటిలో ఉంటే అది తప్ప. మీ అబ్బాయి కొత్త స్టాంపు మీద తన పేరు తెలుగులో చెక్కుతానంటున్నాడని రాశారు. రబ్బరు మీదకి దించాక, కత్తి పెట్టకముందు, ఒక ఫోటో తీసి పంపమనండి.